డీప్ ఫ్రీజర్ మీద మైనస్ 18, లోపల కరిగిన రొయ్యలు

కావలి,
నెల్లూరు జిల్లా.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మా డీప్ ఫ్రీజర్ రాత్రిళ్లు కూలింగ్ ఆపేస్తున్నా, మీ టెక్నీషియన్ లోపమేమీ లేదని రాసి వెళ్లడం గురించి.

అయ్యా,

గత మార్చిలో మీ కంపెనీ డీప్ ఫ్రీజర్ కొన్నాం. మా తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ మంచి చేప దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. అందుకని ముందే వంజరం, రొయ్యలు తీసుకుని, బాగుచేయించి, పూటకు సరిపడా కవర్లలో పలచగా పరిచి, గాలి తీసేసి, తేదీ రాసి పెట్టాను. అన్నీ ఒక్కసారి కుక్కలేదు. రోజుకు ఎన్ని కిలోలు పెట్టవచ్చో మీ పుస్తకంలో ఉంది, అంతకు మించలేదు. గూడూరు నిమ్మకాయలు చౌకగా ఉన్నప్పుడు పిండిన రసం కూడా అందులోనే.

మేలో ఒక రొయ్యల కవరు తీశాను. పలకలా ఉండాల్సింది ఒక మూలకు జారి ముద్దకట్టింది. అడుగున మురికి గులాబీ రంగు మంచు. అంటే మధ్యలో ఎప్పుడో కరిగి, నీరు కారి, మళ్లీ గడ్డకట్టింది. నిమ్మరసం సంగతి వదిలేయండి, అది కరిగినా ప్రాణం మీదికి రాదు.

కరెంటు కోత వల్లేనని మీ ఫోన్ అమ్మాయి అన్నారు. మాకు పోయేది ఎప్పుడన్నా ఓ గంట. మూత తీయకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుకోవాలి. గంటకే కరిగితే తప్పు కరెంటుది ఎలా అవుతుంది? స్టెబిలైజర్ కూడా ఉంది.

ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి లోపల ఉంచాను. ఆ రాత్రి కరెంటు పోనే లేదు. తెల్లారి చూస్తే బిళ్ల గిన్నె అడుక్కు దిగింది. పక్కనే పెట్టిన థర్మామీటర్ 6 డిగ్రీలు చూపిస్తోంది, మైనస్ లేని 6. మూత మీద మాత్రం మైనస్ 18 అని దర్జాగా వెలుగుతోంది! ఫోటోలు జతచేశాను.

మీ టెక్నీషియన్ మధ్యాహ్నం వచ్చి, లోపలి గోడ మీద వేలు పెట్టి, "ఐసు కడుతోంది గదమ్మా, ఇంకేం కావాల" అన్నాడు. ఐసు సున్నా దగ్గరే కడుతుంది. నేను డబ్బు పెట్టింది మైనస్ 18కి. ఫ్రీజింగ్‌తో సూక్ష్మజీవులు చావవు, పెరగకుండా ఆగుతాయంతే. కరిగిందంటే మళ్లీ లేస్తాయి. 4 డిగ్రీలు దాటిన చోట చేప రెండు గంటలకు మించి ఉంటే పారేయాల్సిందే.

ఇంకా బాధ కలిగించింది, "వాసన చూసి బాగుంటే వాడుకోండి" అని మీవాళ్లు ఇచ్చిన సలహా. వంజరం, కానాగంత లాంటి చేపలు వెచ్చబడితే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం తయారవుతుంది. వాసనలో తేడా తెలియకపోవచ్చు. తర్వాత మళ్లీ గడ్డకట్టించినా, మామిడికాయ వేసి పులుసు ఎంత మరిగించినా అది పోదు. తిన్నవాళ్లకు ఒళ్లు ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి. మా ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఐదేళ్ల మనవడున్నాడు. ఎవరి మీద పరీక్ష చేయమంటారు? చేపంతా మున్సిపాలిటీ చెత్తబండిలో వేయలేదు, కుక్కలు తింటాయని పెరట్లో గుంట తీసి పూడ్చాను.

నాకు కావాల్సినవి ఇవి. ఫ్రీజర్ మార్చి ఇవ్వాలి, లేదా డబ్బు వాపసు చేయాలి. పాడైన చేప, రొయ్యల ఖరీదు చెల్లించాలి, బిల్లులున్నాయి. లోపల వేడెక్కినా పైన పాత అంకెనే చూపించే డిస్‌ప్లే ఇంకెన్ని ఇళ్లలో ఉందో మీరే చూసుకోవాలి. ఈసారి వచ్చే మనిషి థర్మామీటర్‌తో వచ్చి, రాత్రంతా లోపల ఉంచి, రీడింగ్ రాతపూర్వకంగా ఇవ్వాలి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా లేదు.

జతపరచినవి: ఫ్రీజర్ బిల్లు, వారంటీ కార్డు, టెక్నీషియన్ రాసిచ్చిన స్లిప్పు, ఫోటోలు, చేపల బిల్లులు.

ఇట్లు,
మీ వినియోగదారురాలు