గడ్డిని ఏం పెట్టి విప్పుతారో ముందు అడగండి

గౌరవనీయులైన రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా కోనసీమ కొత్తపేట వైపు దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక ఓ వారం పాటు ఆరేసిన బట్టల మీద మసి పడుతుంది. కోత మిషన్ దిగిన చేలో మోడు నిలబడి ఉంటుంది, గడ్డి చెల్లాచెదురుగా పడుతుంది. బేలర్ దొరికితే చుట్టలు కట్టిస్తాం, దొరక్కపోతే అగ్గిపుల్లే గతి. నేనూ గీశాను, అబద్ధమెందుకు. కాబట్టి గడ్డితో ఇథనాల్, అదే పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్, అంటే అందరికంటే ముందు ఆశపడేది మాలాంటివాళ్ళమే.

రేపు ఎవరైనా అలాంటి ఫ్యాక్టరీ ఫైలు పట్టుకుని మీ దగ్గరకు వస్తే ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అని ఎలాగూ అడుగుతారు. దానికంటే ముందు ఒక్క మాట అడగండి: గడ్డిని ఏం పెట్టి విప్పుతారు?

కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త ఓపిక పట్టండి. నూకల్లో ఉన్న పిండి, గడ్డిలో ఉన్న సెల్యులోజ్, రెండూ గ్లూకోజ్ గొలుసులే. నూక ఉడికితే మెత్తబడుతుంది, ఎంజైమ్ వేస్తే చక్కెరవుతుంది, ఈస్ట్ వేస్తే ఆల్కహాల్ అవుతుంది. గడ్డిని మాత్రం ఎంతసేపు ఉడకబెట్టినా గడ్డే. దాని సెల్యులోజ్ పోగులు బిగుతుగా పేనుకుని ఉంటాయి, వాటి చుట్టూ హెమీసెల్యులోజ్ అనే ఇంకో రకం చక్కెరల గొలుసు, సందుల్లో మేస్త్రీ గచ్చు కొట్టినట్టు లిగ్నిన్ అనే గట్టి పదార్థం. పైగా వరిగడ్డిలో పదో వంతుకు పైనే బూడిద, అందులో ఎక్కువ భాగం సిలికా. మోపు మోసినవాడి మెడనడిగితే చెబుతుంది. ఈ కట్టడాన్ని వదులు చేయందే ఎంజైమ్‌కు లోపలికి దారి దొరకదు. ఆ వదులు చేయడాన్నే ప్రీట్రీట్‌మెంట్ అంటారు. ఖర్చంతా, గొడవంతా అక్కడే.

2022 ఆగస్టు 10న ప్రధాని జాతికి అంకితం చేసిన హర్యానాలోని పానిపట్ గడ్డి ఇథనాల్ ప్లాంటు లెక్క ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి, సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాల్. అంటే టన్నుకు 150 లీటర్లు. మా ఎకరా గడ్డి రెండు టన్నులనుకుంటే 300 లీటర్లు. కాగితం మీద బాగుంది. నిజంగా అంత వస్తుందా, సగమే వస్తుందా అన్నది ఎక్కువగా ప్రీట్రీట్‌మెంట్ దగ్గరే తేలిపోతుంది. రైతుకు గడ్డి ధర ఎంత ఇవ్వగలరో కూడా దాన్నిబట్టే ఉంటుంది.

ఈ పని మాకు కొత్తేమీ కాదండి. నా చిన్నప్పుడు వెటర్నరీ డాక్టరు గారు చెప్పారని మా నాన్న 100 కేజీల ఎండుగడ్డి మీద నాలుగు కేజీల యూరియా కలిపిన నీళ్ళు చిలకరించి, పొరలు పొరలుగా తొక్కించి, టార్పాలిన్ కప్పి అంచులకు మట్టి మెత్తించేవాడు. 21 రోజులకు విప్పితే కళ్ళు మండిపోయేవి. పసుపుపచ్చ గడ్డి బెల్లం రంగుకు తిరిగేది, చేత్తో నలిపితే నలిగేది. కాసేపు గాలికి ఆరబెట్టి వేస్తే మొదటిరోజు గేదె మొహం తిప్పుకునేది, రెండో రోజు నుంచి గాటి దగ్గర ఈనె కూడా మిగిల్చేది కాదు. యూరియా నుంచి పుట్టిన అమ్మోనియా లిగ్నిన్ పట్టును సడలించింది, అంతే. పెద్ద ల్యాబుల్లో ఒత్తిడి పెట్టి చేసే అమ్మోనియా ప్రీట్రీట్‌మెంట్‌కు ఇది పల్లెటూరి చుట్టం.

అలాగని ఇథనాల్ కోసం యూరియా వాడమని అడగడం లేదు. పైరుకు వేసే కట్ట కోసమే లైన్లో చెప్పులు పెట్టి నిలబడుతున్నాం.

ఫ్యాక్టరీలు ఎక్కువగా ఎంచుకునే దారి సజల ఆమ్లం (నీళ్ళు కలిపి పలుచన చేసిన యాసిడ్), దాంతోపాటు ఆవిరి. త్వరగా అవుతుంది. కానీ పాకం ముదిరితే మాడినట్టు, వేడి శృతిమించితే వచ్చిన చక్కెరలోనే కొంత ఫర్‌ఫ్యూరాల్‌గా మారి ఈస్ట్‌ను దెబ్బకొడుతుంది. తర్వాత ఆ ఆమ్లాన్ని తటస్థం చేయాలి, గడ్డిని కడగాలి. కడిగిన నీళ్ళు ఎటు పోతాయి? డెల్టాలో ఈ ప్రశ్న చిన్నది కాదు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్ళనే మేం చేలకు పెడతాం, వేసవిలో కాలువలు కట్టేసేముందు వాటితోనే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటాం. మురుగుకాలువలోకి వదిలేస్తామంటే దాని చివర రొయ్యల చెరువులున్నాయి.

అందుకే నా మొగ్గు సున్నం వైపు. పొడి గడ్డి 100 కేజీలకు పది కేజీల సున్నం, తడి, వెచ్చదనం, కొన్ని వారాల సమయం. పులిసేటప్పుడు తొట్టెలో పుట్టే కార్బన్ డయాక్సైడ్‌నే ఆ సున్నం కలిసిన నీళ్ళలోకి పంపితే సున్నం సుద్దగా అడుగున పేరుకుంటుంది. దాన్ని బట్టీలో కాల్చి తిరిగి వాడుకోవచ్చు. సార్వా (ఖరీఫ్) కోతల్లో తుఫాను వానకు తడిసి పశువుకు పనికిరాని గడ్డి కూడా, బూజు పట్టకముందే తెస్తే, దీనికి పనికొస్తుంది. ఎలాగూ తడపాల్సిందే కదా. లోపాలూ ఉన్నాయి: నెమ్మది, స్థలం ఎక్కువ కావాలి, లిగ్నిన్ దిగిన ఎర్రనీళ్ళను ఇక్కడా శుద్ధి చేయాల్సిందే.

లంకల్లో రెల్లు సంగతి కూడా చూడండి. దసరాకు గోదావరి తెల్లచీర కట్టినట్టు పూస్తుంది. ఒకప్పుడు పాకలు నేయడానికి కోసేవాళ్ళు, ఇప్పుడన్నీ శ్లాబులే. నీరు, ఎరువు అడగని గడ్డి. కాకపోతే కోయించాలే తప్ప పీకించకూడదు. ఏటికోతకు జారిపోతున్న ఒడ్డును పట్టుకుని ఉన్నవి దాని వేళ్ళే.

కాబట్టి నా కోరిక పెద్దదేమీ కాదు. డెల్టాలో గడ్డి ఇథనాల్‌కు అనుమతి అడిగేవాళ్ళ దరఖాస్తులో ప్రీట్రీట్‌మెంట్ పద్ధతి, లీటరుకు ఎన్ని నీళ్ళు వాడతారు, కడిగిన నీళ్ళు ఎక్కడికి వదులుతారు అన్నవి తెలుగులో రాయించి గ్రామసభ ముందు పెట్టించండి. పశువులకు పోను మిగిలిన గడ్డినే లెక్కలోకి తీసుకోమనండి. ఈలోగా మార్టేరు వరి పరిశోధన కేంద్రంలోనో, కాకినాడ జేఎన్‌టీయూలోనో మన గడ్డి మీద, మన రెల్లు మీద చిన్న ట్రయల్ చేయించండి.

ఏప్రిల్‌లో దాళ్వా కోతలు. ఎకరం గడ్డి నేనిస్తాను, సున్నం కొంటాను, మా కళ్ళం వాడుకోవచ్చు. వచ్చిన చక్కెర కొలవడానికి ఒక పరికరం, కొలిచే మనిషి, ఆ రెండూ మీరు పంపండి.

ఇట్లు,
ఒక వరి రైతు, రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
కొత్తపేట మండలం, కోనసీమ జిల్లా