పైన పటారం సరే, అడుగున?

సంపాదకుడు గారికి,

కొత్త ప్రయాణికుల పడవ గురించి గతవారం మీరు వేసిన వార్త చదివి ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకోలేకపోతున్నాను. ‘సముద్రయానానికి సర్వసన్నద్ధం’ అన్న శీర్షిక కింద రాసిందల్లా మెత్తటి సీట్లు, ఏసీ, పెద్ద టీవీ, ఫొటోలు దిగడానికి పై అంతస్తు, రిబ్బను కత్తిరించిన పెద్దల పేర్లు, తనిఖీ ధ్రువపత్రం వచ్చిందన్న మాట, లైఫ్ జాకెట్ల లెక్క. చుక్కాని గురించి ఒక్క ముక్క లేదు.

అయ్యా, నీళ్ల మీద తేలడం గొప్ప కాదు. పక్కనుంచి అల కొట్టి ఒరిగించినా మళ్లీ నిటారుగా లేవాలి. అందుకు బరువు అడుగున ఉండాలి. మీరు అంతగా మురిసిపోయిన ఆ పై అంతస్తు బరువును పైకి తెస్తుంది. 2014లో మునిగిన దక్షిణ కొరియా నౌక సెవోల్ సంగతి ఇదే. పైన అదనంగా గదులు కట్టారు, సరుకు మరింత ఎక్కించాలని, నౌక నిలకడ కోసం అడుగున నింపే బ్యాలస్ట్ నీరు తగ్గించారు, ఎక్కించిన సరుకునైనా గట్టిగా కట్టలేదు. ఒక మలుపులో ఒరిగిపోయింది. 304 మంది పోయారు, ఎక్కువమంది బడిపిల్లలే. తనిఖీ ధ్రువపత్రం దానికీ ఉంది!

ఇంజను చల్లబరిచే నీటి కోసం పడవ అడుగున రంధ్రం ఉంటుంది. దానికి తేలిగ్గా తిరిగే వాల్వు ఉండాలి. వాల్వు విరిగితే కొట్టి మూయడానికి, సరిపడే చెక్క బిరడా పక్కనే తాడుతో కట్టి ఉండాలి. అది ఉందో లేదో ఎవరైనా వంగి చూశారా? డెక్కు మీదికి ఎక్కిన నీరు తూముల గుండా వెంటనే పోవాలి. మీరు అచ్చువేసిన ఫొటోలోనే తూముకు అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీలు పేర్చి ఉన్నాయి. లైఫ్ జాకెట్లు లెక్కకు సరిపోయాయట, సంతోషం. కవర్లు విప్పకుండా పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఎవరికి ఉపయోగం?

అధికారులు ఒడ్డున నిలబడి సంతకాలు పెట్టే జబ్బు ఇప్పటిది కాదు. 1628లో స్వీడన్ రాజుగారి యుద్ధనౌక వాసాను పరీక్షించడానికి 30 మందిని డెక్కు మీద ఇటునుంచి అటు పరుగెత్తించారు. బోల్తా పడేలా ఊగడంతో పరీక్ష ఆపేశారు, ప్రయాణం మాత్రం ఆపలేదు. తొలి ప్రయాణంలో దాదాపు 1300 మీటర్లు వెళ్లి మునిగింది. వంతెనలు, లిఫ్టులు, బడి బస్సులు, వేటికైనా ఇదే తంతు. ప్రమాదం జరిగాక విచారణ సంఘం వేయడంలో మాత్రం మనవాళ్లు మహా చురుకు.

ఈసారి మీ విలేకరి చేతికి ఒక టార్చిలైటు ఇచ్చి, డెక్కు కిందికి కూడా దిగి రమ్మనండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు