ఆవకాయ సీసా మీద ఆ మాట వద్దు

సంపాదకులకు నమస్కారం.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక, మా గోదావరి లంకల్లో తయారయ్యే తినుబండారాల డబ్బాల మీద ఇంగ్లీషు పక్కన ఫ్రెంచి, జర్మన్ మాటలు కూడా కనిపిస్తున్నాయి. సంతోషమే. ఐరోపా సమాఖ్య దేశాల్లో సరుకు అమ్మాలంటే అక్కడి జనానికి తేలిగ్గా అర్థమయ్యే భాషలో లేబుల్ ఉండాలన్నది చట్టం కూడా. అయితే ఈమధ్య ఒక ఆవకాయ వ్యాపారి నాకు చూపించిన స్టిక్కర్ మీద ‘నో ప్రిజర్వేటివ్స్’ కింద ఫ్రెంచిలో ‘సాన్ ప్రెజెర్వతీఫ్’ అని ఉంది. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక కాబట్టి సభ్యంగానే చెబుతాను. నేటి ఫ్రెంచిలో ‘ప్రెజెర్వతీఫ్’ అంటే నిరోధ్, ‘సాన్’ అంటే లేకుండా. పారిస్‌లో ఆ సీసా చేతిలోకి తీసుకున్న ఇల్లాలు ‘ఇందులో నిరోధ్ లేదు’ అని చదువుకుంటుంది.

అచ్చు వేసినతన్ని తిట్టి లాభం లేదు. లాటిన్‌లో ‘ప్రే’ అంటే ముందు, ‘సెర్వారే’ అంటే కాపాడటం. ఒకప్పుడు ఫ్రెంచిలోనూ జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా వాడే దేన్నయినా అలాగే అనేవారు. పోనుపోను అది ఒక్క వస్తువు దగ్గర స్థిరపడిపోయింది. ఇటలీ, స్పెయిన్, పోలండ్, రష్యా, ఎటు వెళ్ళినా ఇదే తంతు. ఇంగ్లీషువాళ్ళు మాత్రం ఆ మాటను వంటింట్లోకి తెచ్చుకున్నారు. మనకు మాత్రం ఒకే మాటకు రకరకాల అర్థాలు లేవా? అవినీతి నిరోధక శాఖ ఉంది, పతంజలి చెప్పిన చిత్తవృత్తి నిరోధం ఉంది, మందుల షాపులో నిరోధ్ ఉంది. ఎవరూ పొరపడరు, ఎందుకంటే అది మన భాష.

సరుకు చెడకుండా కలిపే నిల్వ పదార్థానికి, అంటే ప్రిజర్వేటివ్‌కు, ఫ్రెంచిలో ‘కోన్సెర్వతర్’ అనాలి. స్పెయిన్, ఇటలీ వాళ్ళకు ‘కొన్సెర్వాంతే’. ఆ ఫ్రెంచి మాటకే మ్యూజియం సంరక్షకుడనీ, రాజకీయాల్లో సంప్రదాయవాది అనీ కూడా అర్థాలున్నాయి గానీ, సీసా మీద చూసి ఎవరూ అలా అనుకోరు.

ఇంకో మాట. ఉప్పు, పప్పునూనె దండిగా పోసిన ఆవకాయ మీద ‘నిల్వ పదార్థాలు లేవు’ అనడమే నాకు నచ్చదు. మన ఆహార నియమాల లెక్కలో ఉప్పు, వంటనూనె కూడా మొదటి తరగతి నిల్వ పదార్థాలే. అవి లేకపోతే ఏడాది పొడవునా ఆవకాయ ఎలా నిలుస్తుంది? ‘రసాయనాలు కలపలేదు’ అనీ కొందరు రాస్తున్నారు, ఉప్పు రసాయనం కాదా ఏమిటి! ఏమేం వేశారో వరసగా రాస్తే సరిపోతుంది. ఒకవేళ సోడియం బెంజోయేట్ అనే నిల్వ పదార్థం కలిపితే, లేబుల్ మీద దాని గుర్తింపు అంకె మన దగ్గర 211, ఐరోపాలో ఇ211. ఆ అంకె అన్ని భాషల్లోనూ ఒకటే.

ఎగుమతులపై శిక్షణ ఇచ్చే అధికారులు ఈ నాలుగు మాటలూ ఒక కాగితం మీద వేయించి పంచాలని కోరుతున్నాను. 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయినా యానాంలో ఆ భాష చదివినవాళ్ళం ఇంకా ఉన్నాం. అచ్చుకు ఇచ్చే ముందు లేబుల్ తెచ్చి చూపిస్తే ఊరికే చదివి పెడతాం.

— ఒక విశ్రాంత ఫ్రెంచి ఉపాధ్యాయుడు, యానాం