ఎన్ని ఇళ్లలో దీపం వెలిగిందో చూసి చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ పత్రికలో లెబనాన్ యుద్ధం గురించి రెండు వ్యాసాలు పక్కపక్కన వేశారు. ఇజ్రాయెల్ అనుకున్నది సాధించిందని ఒకాయన రాశారు. లెబనాన్‌లోని సాయుధ సంస్థ హెజ్‌బొల్లా ఇంకా నిలబడే ఉంది కాబట్టి గెలుపు వాళ్లదేనని రెండో ఆయన రాశారు. ఫోన్‌లో రెండూ రెండేసి సార్లు చదివాను. ఊళ్లు వదిలిన జనం ఇళ్లకు తిరిగొస్తున్నారన్న మాటనే ఇద్దరూ సాక్ష్యం తెచ్చుకున్నారు. అలా తిరిగొచ్చినవాళ్లలో నేనొకదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

మాది కోనసీమ, రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. ఏడేళ్లుగా ఇజ్రాయెల్ ఉత్తరాన కిర్యత్ ష్మొనా అనే ఊళ్లో 84 ఏళ్ల పెద్దావిడకు కేర్‌గివర్‌గా ఉంటున్నాను. ఆవిణ్ని సవ్తా అని పిలుస్తాను, అమ్మమ్మ అని అర్థం. మా వంటింటి కిటికీలోంచి కనిపించే కొండ దాటితే లెబనాన్. టెల్ అవీవ్‌లో సైరన్ మోగితే దాక్కోవడానికి నిమిషన్నర టైముంటుంది. మా ఊరికి ఆ టైము లేదు, మోగిన క్షణమే లోపల ఉండాలి. వాకర్ పట్టుకుని నడిచే మనిషిని క్షణంలో ఎక్కడికి తీసుకెళ్లను? షెల్టర్ వీధి చివర. కిటికీలు లేని నడవాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆవిడ తల మీద నా చేతులు అడ్డం పెట్టేదాన్ని.

2023 అక్టోబర్ 7న హమాస్ దాడి జరిగింది. మర్నాటి నుంచి హెజ్‌బొల్లా ఇటువైపు కాల్పులు మొదలుపెట్టింది. 20వ తేదీన మా ఊరు ఖాళీ చేయమన్నారు. ఆ ఉదయమే సవ్తా నైటీలు ఉతికి దండెం మీద ఆరేశాను. బస్సు వచ్చేసిందన్నారు. తీసుకొస్తానంటే, "ఉండనీ, వారంలో వచ్చేస్తాం కదా" అంది ఆవిడ.

మమ్మల్ని తిబెరియలో ఒక హోటల్లో పెట్టారు. బైబిల్లో ఉన్న గలిలయ సముద్రం ఒడ్డున ఉంటున్నానని చెబితే ఊళ్లో మా అమ్మ మురిసిపోయింది, సంఘంలో అందరికీ చెప్పుకుంది. ఆ ఒడ్డునే, రెండు మంచాలు పట్టే గదిలో, పదహారు నెలల పైచిలుకు ఉన్నాం. వంట లేదు, వాకిలి లేదు. రోజూ ఉల్లిపాయలు తరిగిన చెయ్యి సవ్తాది. పని లేక ఆ చేతికి వణుకు పట్టుకుంది.

ఇజ్రాయెల్ ఉత్తరాన ఇలా ప్రభుత్వ లెక్కన ఇళ్లు వదిలినవాళ్లు 60 వేల మంది దాకా ఉన్నారు. మమ్మల్ని ఇళ్లకు చేర్చడం కూడా యుద్ధ లక్ష్యాల్లో ఒకటని 2024 సెప్టెంబర్ 17న ఇక్కడి మంత్రివర్గం ప్రకటించింది. ఆ రోజే లెబనాన్‌లో హెజ్‌బొల్లావాళ్ల దగ్గరున్న పేజర్లు పేలాయి. పది రోజుల్లో హెజ్‌బొల్లా నాయకుడు నస్రల్లాను చంపారు. అక్టోబర్ 1న ఇజ్రాయెల్ సైన్యం కొండ దాటింది. నవంబర్ 27 తెల్లవారుజామున 4 గంటలకు ఒప్పందం ప్రకారం కాల్పులు ఆగాయి. మా మేయర్ అవిహాయ్ స్టెర్న్ ఆ ఒప్పందాన్ని లొంగుబాటు అన్నారు. అవతల నస్రల్లా తర్వాత హెజ్‌బొల్లా నాయకుడైన నయీం ఖాసిం, 2006 యుద్ధం కంటే పెద్ద విజయం సాధించామన్నారు. మీ విశ్లేషకులిద్దరూ ఈ రెండు మాటలనూ వదిలేశారు.

ఈ నెల మొదట్లో మేం ఇల్లు చేరాం. నైటీలు దండెం మీదే ఉన్నాయి. రంగు పోయి తెల్లగా అయిపోయాయి. క్లిప్పు తీసి పట్టుకుంటే ఎండుటాకులా చేతిలోనే చిరిగిపోయాయి. డాబా మీద సోలార్ హీటర్‌కు బొటనవేలు దూరేంత కన్నం, రాకెట్ ముక్క తగిలి. ఫ్రిజ్ తలుపు తెరవకుండానే తాళ్లు కట్టి కిందికి దింపించాం. సవ్తా మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి, పొయ్యి ముందు కుర్చీ వేయించుకుని, ఉల్లిపాయలు తెమ్మంది.

మా బిల్డింగులో 12 ఫ్లాట్లున్నాయి. రాత్రి కిందికి దిగి చూస్తే ఐదింట్లో లైట్లు వెలుగుతున్నాయి. అందులో నాలుగు ముసలివాళ్ల ఇళ్లే. పిల్లలున్న ఇల్లు ఒక్కటే. మా మందుల షాపు ఇంకా తెరవలేదు. సవ్తాకు బీపీ మాత్రలు కావాలంటే బస్సెక్కి వెళ్లి తెస్తున్నాను.

రెండు వారాల కింద శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ఆవిడ కొడుకు, మనవరాలు గట్టిగా వాదించుకున్నారు. మీ రెండు వ్యాసాల కంటే ఆ వాదనలోనే నాకు ఎక్కువ విషయం కనిపించింది. కొడుకు అన్నది ఇదీ: "కంచె అవతల హెజ్‌బొల్లా రద్వాన్ దళం తుపాకులతో కూర్చుని ఉండేది, ఇప్పుడు లేదు. నస్రల్లా లేడు. డిసెంబర్‌లో సిరియాలో అసద్ పడిపోయాడు, హెజ్‌బొల్లాకు ఆయుధాలొచ్చే దారి మూసుకుపోయింది. ఇది చిన్న సంగతా?" చిన్న సంగతి కాదు. నడవాలో కూర్చున్నదాన్ని, ఆ మాట కాదనలేను.

మనవరాలికి ఇద్దరు పిల్లలు. నెతన్యా దగ్గర అద్దెకుంటోంది, తిరిగి రాలేదు. "లెబనాన్‌లో లిటానీ నదికి దక్షిణాన లెబనాన్ సైన్యం, ఐక్యరాజ్యసమితి దళాలు తప్ప ఇంకెవరూ ఆయుధం పట్టకూడదని 2006లోనే ఐక్యరాజ్యసమితి 1701 తీర్మానంలో రాసుకున్నారు. ఇప్పుడు సంతకం పెట్టిందీ దాని మీదే. పద్దెనిమిదేళ్లు ఎవరూ అమలు చేయని కాగితాన్ని నమ్మి నా పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ పడుకోబెట్టమంటావా?" అంది. కొడుకు జవాబు చెప్పలేదు. సవ్తా గిన్నెలోకి చూస్తూ, "1981, 1996, 2006" అని లెక్కపెట్టింది. ఆ మూడుసార్లూ ఊరి మీద కత్యూషా రాకెట్లు పడ్డాయి. మూడుసార్లూ, ఇదే ఆఖరు అని చెప్పారట.

ఇక కొండ అవతల. లెబనాన్‌లో ఇళ్లు వదిలినవాళ్లు 12 లక్షల దాకా ఉన్నారు, చనిపోయినవాళ్లు దాదాపు నాలుగు వేలు. కాల్పులు ఆగిన ఉదయమే వాళ్లు పరుపులు కార్ల మీద కట్టుకుని బయల్దేరడం హోటల్ టీవీలో చూశాను. 2025 జనవరి 26న ఇజ్రాయెల్ సైన్యం ఇంకా కదలని ఊళ్లలోకి నడిచి వెళ్లినవాళ్ల మీద కాల్పులు జరిగి 20 మందికి పైగా పోయారు. తమ ఊరికి తాము వెళ్తూ పోయారు. ఫిబ్రవరి 18న సైన్యం వెనక్కి వచ్చినా ఐదు కొండల మీద ఉండిపోయింది.

పోయిన వారం సెలవు రోజున సరిహద్దు ఊరు మెతులాలో ఉండే నా స్నేహితురాలి దగ్గరికి వెళ్లాను. ఆమెదీ నా పనే, ఫిలిప్పీన్స్ మనిషి. ఆమె ఉండే వీధి చివర నుంచి చూస్తే ఎదురుగా లెబనాన్ ఊరు కఫర్ కిలా. మునుపు వెళ్లినప్పుడు బాల్కనీల్లో ఆరేసిన బట్టల రంగులు కూడా తెలిసేవి. ఇప్పుడు ఊరు లేదు. బూడిద రంగు సిమెంటు ముక్కలు, వాటి మధ్య ఊడిపోయిన ఇనుప చువ్వలు. ఆ ఊరివాళ్లు తిరిగొచ్చారని రాశారు మీ రెండో విశ్లేషకులు. దేనిలోకి వచ్చారని మీరు ఆయన్ని అడగాలి కదా.

నాకు తెలిసిన కొలత ఒకటుంది, అది మా నాన్న దగ్గర నేర్చుకున్నది. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నాకు 12 ఏళ్లు. వెయ్యి మందికి పైగా పోయిన తుపాను. బడి మిద్దె మీద తలదాచుకుని రెండో రోజు ఇంటికొచ్చాం. కొబ్బరి చెట్లు మొవ్వులు విరిగి, మొండేల్లా నిలబడ్డాయి. వారం తిరక్కుండా పునరావాసం పూర్తయిందని అధికారులు రాసుకుని వెళ్లారు. నాన్న కొత్త మొక్కలు పాతాడు. మళ్లీ దింపు తీసేదాకా, అంటే కొబ్బరికాయలు కోసేదాకా, మా ఇంట్లో ఎవరూ "కోలుకున్నాం" అనే మాట వాడలేదు. దానికి ఏడేళ్లు పట్టింది. యుద్ధం గెలిచారో లేదో నాలుగు నెలలకే తేల్చేసిన వ్యాసాలు చూస్తే నాకు ఆ అధికారులే గుర్తొచ్చారు. తప్పుగా అనుకోవద్దు, నా బాధ చెబుతున్నాను.

ఇంకొక్క లెక్క మీ పత్రికే వేయాలి, ఎందుకంటే వేరేవాళ్లు వేయరు. 2024 మార్చి 4న ఇజ్రాయెల్ ఉత్తర సరిహద్దులోని మర్గలియోత్ తోటలో క్షిపణి పడి చనిపోయిన కుర్రవాడు మన కేరళవాడు, కొల్లం నుంచి వచ్చాడు. అక్టోబర్ 31న మెతులా ఆపిల్ తోటలో రైతుతో పాటు పోయిన నలుగురూ థాయిలాండ్ కూలీలు. లెబనాన్‌లో ఇథియోపియా, శ్రీలంక, బంగ్లాదేశ్ నుంచి వెళ్లిన ఆడపిల్లలను కొందరు యజమానులు ఇంట్లో పెట్టి తాళం వేసి పారిపోయారని వార్తలొచ్చాయి. వాళ్లూ నేనూ ఒకే పనివాళ్లం. ఏ పక్షం గెలుపులోనూ, ఏ పక్షం ఓటమిలోనూ వాళ్ల పేరు లేదు. 2024లో ఇక్కడి పనులకు మన హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. వచ్చే పిల్లలకు జీతం ఎంతో చెప్పారు. ఏ ఊరికి పంపుతారో, అక్కడ సైరన్ మోగితే ఎన్ని సెకన్లు ఉంటాయో కూడా చెప్పమని మీరు రాయండి.

మొన్న 22వ తేదీ శనివారం మెతులా మీదికి రాకెట్లు వచ్చాయి. గాలిలోనే ఆపారు. ఆ సాయంత్రం సవ్తా చెప్పకుండానే నేను బ్యాగు సర్దాను. అది ఇంకా గుమ్మం పక్కనే ఉంది.

పస్కా పండక్కి మనవరాలు పిల్లలతో వచ్చి వారం ఉంటానంది. పెద్దదానికి ఆరేళ్లు. సెప్టెంబర్‌లో ఇక్కడి బడిలో ఒకటో తరగతి నడుస్తుందో లేదో కనుక్కుని రమ్మని, ఎల్లుండి ఆదివారం నన్ను పంపుతోంది సవ్తా. మనవరాలికి మాత్రం చెప్పొద్దంది.

ఉద్యోగం దృష్ట్యా నా పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు, రాజోలు
(ప్రస్తుతం కిర్యత్ ష్మొనా)
మార్చి 28, 2025