పిల్లల నడకల్లో ఈ సీజన్ నుంచి మారుస్తున్నవి

చిన్నపిల్లలతో మా నడకలకు వచ్చే అమ్మానాన్నలకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు నమస్కారం.

ఇన్నాళ్లూ మా పట్టికలో "2 కి.మీ., సులువు" అని రాస్తూ వచ్చాం. ఆ మాట నమ్మి వస్తే ఇబ్బంది పడ్డామని మీలో కొందరు చెప్పారు. మీరన్నది నిజమే. ఆ 2 కిలోమీటర్లు పోను మాత్రమే, రాను లెక్కలో లేదు. పైగా ఆ బాట మొదట కిందికి దిగుతుంది. అంటే పిల్లలు అలిసిపోయిన వేళకు ఎక్కుడు ఎదురవుతుంది. నాలుగేళ్ల పిల్లవాణ్ని చివరి అరకిలోమీటరు ఎత్తుకుని మోయాల్సి వచ్చిందంటే తప్పు పిల్లవాడిది కాదు, మా పట్టికది. అందుకే దాన్ని మొత్తం తిరగరాశాం.

ఇకనుంచి ప్రతి నడకకూ ముందు పట్టే సమయం రాస్తాం, దూరం ఆ తర్వాతే. పెద్దవాళ్ల లెక్క పిల్లలకు అతకదు. కొండ నడకలకు ఇప్పటికీ వాడే సూత్రం స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పింది: 3 మైళ్లకు ఒక గంట, 2,000 అడుగుల ఎత్తు ఎక్కితే ఇంకో గంట. చదును నేల మీద కిలోమీటరుకు 12 నిమిషాల పైచిలుకు అన్నమాట. అది ఆగకుండా నడిచే పెద్దవాళ్లకు. మూడు నాలుగేళ్ల వాళ్లకు మేం కిలోమీటరుకు 40 నిమిషాలు వేసుకుంటున్నాం. అందులో సగం నడక. మిగతా సగం చీమలబారు దగ్గర కూర్చోవడం, గుంటలో నీళ్లు చిమ్మడం, ఒక్కో రాయీ ఏరి జేబులో వేసుకోవడం. పిల్లలు వచ్చేదే అందుకు. ఆ సగాన్ని కోసేస్తే నడక పూర్తవుతుంది గానీ, మరోసారి పిలిస్తే పిల్లవాడు రానంటాడు.

వెనక్కి తిరగడానికి ఒకటే నియమం పెట్టుకున్నాం: చేతిలో ఉన్న సమయంలో మూడో వంతు అయిపోగానే తిరుగుతాం. మూడు గంటలుంటే గంట పోవడానికి, గంట రావడానికి, గంట చేతిలో. వాగు ఇంకో 200 మీటర్లే ఉన్నా సరే తిరుగుతాం. "ఇంతదూరం వచ్చాం కదా" అని ముందుకు పోయిన చోటే చీకటి పడుతుంది, ఏడుపులు మొదలవుతాయి. ఇదే కారణంతో ఐదేళ్ల లోపు పిల్లలకు చుట్టుబాటలు తీసేశాం. చుట్టి వచ్చే బాటలో సగం దాటాక వెనక్కి తిరిగినా లాభం లేదు. వెళ్లిన దారినే వచ్చే బాటలో ఎక్కడైనా తిరగొచ్చు. చూడదగ్గ చోటు, అది రాతిగుట్ట కావచ్చు, చిన్న వాగు కావచ్చు, మొదటి మూడో వంతులోనే ఉన్న బాటలనే ఉంచాం.

పిల్లల బండితో వచ్చేవాళ్ల కోసం బాట వాలు కూడా రాస్తున్నాం. 100 మీటర్ల పొడవుకు 5 మీటర్లు లేస్తే హాయిగా తోసుకుపోవచ్చు. 8 మీటర్లు లేస్తే, పిల్లతో సామానుతో 25 కిలోలున్న బండిని ఆపి ఉంచడానికే 2 కిలోల బరువును పట్టుకున్నంత బలం పెట్టాలి. దిగేటప్పుడూ అంతే బలంతో వెనక్కి లాగి పట్టాలి. మణికట్టు పట్టీ ఉంటే తప్పక తగిలించుకోండి. వాలు అంతకు మించితే ఆ బాటకు బండి వద్దని మేమే చెప్పేస్తాం. గతుకుల బాట మీద ముందు చక్రం తిరగకుండా లాక్ వేయండి. వదిలేస్తే రాయి తగిలి అడ్డంగా తిరుగుతుంది, బండి ముందుకు పల్టీ కొడుతుంది. ఎండ తగలకూడదని బండి మీద దుప్పటి కప్పకండి. లోపల గాలి ఆడక వేడి పెరిగిపోతుంది. దానికున్న గొడుగు చాలు.

వీపున మోసే క్యారియర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. ఫ్రేమ్ ఉన్న క్యారియర్‌లో కూర్చోబెట్టాలంటే బిడ్డకు మెడ నిలవడం చాలదు, ఆసరా లేకుండా కూర్చోవడం రావాలి. లేబుల్ మీద ఉన్న గరిష్ఠ బరువు బిడ్డదా, లేక సంచీ, నీళ్లు కూడా కలిపా అన్నది చదివి చూడండి. కాళ్లు వేలాడకుండా తొడలకు ఆనిక ఉండాలి, మోకాళ్లు పిరుదుల కన్నా కాస్త పైకి రావాలి. బిడ్డ నిద్రపోతే గడ్డం ఛాతీకి ఆనకుండా చూడాలి, ఊపిరికి అడ్డం వస్తుంది. మీ వీపున ఉన్న బిడ్డ మీకు కనపడదు కాబట్టి పక్కన నడిచేవాళ్లకు ఆ పని అప్పజెప్పండి. కింద పడినది తీయాలంటే మోకాళ్లు వంచి కూర్చోండి. నడుము వంచితే బిడ్డ మీ తల మీదుగా ముందుకు జారుతుంది. కొమ్మల కింద మీరు తప్పించుకున్నా సరిపోదు, బిడ్డ తల మీ తల కన్నా ఎత్తులో ఉంటుంది. ఇంకో మాట: మీరు నడిచి చెమట పడుతుంటారు, బిడ్డ కదలకుండా కూర్చుని ఉంటుంది. చలి రోజుల్లో మీకన్నా ఒక పొర ఎక్కువ తొడగండి, అరగంటకోసారి మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి.

బూట్లు కొత్తవి వేసుకుని నడకకు రావొద్దు. లోపలి అట్ట బయటికి తీసి దాని మీద పిల్లను నిలబెడితే పెద్ద వేలి ముందు సెంటీమీటరు ఖాళీ కనపడాలి. తొడిగాక మడమను నేలకు తట్టించి వెనక్కి ఆనించి, అప్పుడు లేసులు బిగించండి. లేకపోతే దిగుడులో పాదం ముందుకు జారి వేళ్లు కొట్టుకుంటాయి. పిల్లలు "ఒరుసుకుంటోంది" అని చెప్పరు. పాదం అంచు మీద నడుస్తారు, ఊరికే కూర్చుండిపోతారు. వెంటనే సాక్సు విప్పి చూడండి. చర్మం ఎర్రబడి వేడిగా ఉంటే తుడిచి ఆరబెట్టి, మూలలు గుండ్రంగా కత్తిరించిన టేపు ముడత లేకుండా అంటించండి. మూల లేస్తే అదే మళ్లీ ఒరుసుకుంటుంది. బొబ్బ లేచాక అయితే చిదమకండి.

నీళ్లు అడిగేదాకా ఆగొద్దు. 20 నిమిషాలకోసారి ఆపి రెండు మూడు గుక్కలు తాగిస్తాం, చిరుతిండి కాస్త పెడతాం. అలసట అనుకున్న పేచీ చాలాసార్లు ఆకలే. సన్‌స్క్రీన్ ఎస్పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 కన్నా తక్కువది వద్దు. బయల్దేరడానికి పావుగంట ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆరు నెలల లోపు బిడ్డలకు అది రాయడం కన్నా నీడలో ఉంచడమే మేలు, అందుకే వాళ్లను ఎండ నడకలకు తీసుకోం.

ఉరుము వినపడితే నడక ఆగుతుంది, ఇందులో బేరం లేదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే బయటికి వస్తాం. ఆ రోజు నడక సగంలో ఆగిపోతే మరో రోజు పూర్తిగా పెడతాం. నీటి దగ్గర పిల్లకు చెయ్యి చాచి అందేంత దూరంలో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి, ఫోన్ సంచీలో ఉండాలి. చిన్నపిల్లలు మునిగేటప్పుడు కేక వేయరు, చీలమండ లోతు నీళ్లు చాలు. పెద్దవాళ్లు ఒక్కరే, ఐదేళ్ల లోపు పిల్లలు ఇద్దరు అయితే వాగు ఉన్న బాటకు పేరు రాసుకోం.

పేరు ఇచ్చేటప్పుడు ఈ నాలుగూ చెప్పండి: పిల్లల వయసు నెలలతో సహా, క్యారియర్ తెస్తుంటే బిడ్డ బరువు, బండి అయితే చక్రాలు గాలివా ప్లాస్టిక్‌వా, మధ్యాహ్నం నిద్రపోయే వేళ. నిద్ర వేళ ఎందుకంటే, ఆ గంటలో వెనక్కి వచ్చే నడక పడకుండా మీకు వేరే బృందంలో చోటు చూస్తాం. పాత పట్టిక చూసి ఇప్పటికే పేరు రాయించుకున్నవాళ్లకు ఈ వారంలో ఫోన్ చేసి కొత్త సమయాలు చెబుతాం. అవి మీకు కుదరకపోతే డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.