ఎమ్మాయు ఆదివారం: నాలుగు పాఠాలూ చదవండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఈస్టర్ రోజున మీ ఆధ్యాత్మిక పేజీలో పునరుత్థానం గురించి చక్కటి వ్యాసాలు వస్తాయి. మర్నాటి నుంచి ఆ ఊసు ఉండదు. పత్రికను తప్పుపట్టడానికి లేదు, చాలా సంఘాల్లోనూ అంతే. తెల్లవారుజామున సమాధుల దగ్గర పాటలు పాడి, ఆరాధన ముగించుకుని ఇంటికి వెళ్తే పండుగ అయిపోయిందనుకుంటారు. సంఘ క్యాలెండరులో ఈస్టర్ 50 రోజుల పండుగ. 2026లో అది ఏప్రిల్ 5న మొదలై మే 24న, శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండుగతో ముగుస్తుంది. పెంతెకొస్తు ముందు వరకు బలిపీఠం మీద తెల్ల వస్త్రమే ఉండాలి, ప్రతి ఆదివారం హల్లెలూయా వినపడాలి. అయితే అది ఎండలు ముదిరే కాలం. ఆరాధన త్వరగా ముగించాలన్న తొందరలో ముందు కోత పడేది బైబిలు పాఠాలకే. ఆ కోత వల్ల ఏం పోతుందో ఒక్క ఆదివారాన్ని తీసుకుని చెప్పాలని ఈ ఉత్తరం. ఏప్రిల్ 19న వచ్చే ఎమ్మాయు ఆదివారం అందుకు బాగా సరిపోతుంది. తిరిగి లేచిన యేసు ఎమ్మాయు ఊరి దారిలో ఇద్దరు శిష్యులతో ఎవరో తెలియకుండా నడిచి, రొట్టె విరిచినప్పుడు వారికి తెలిసిన లూకా సువార్త కథ ఆ రోజు చదువుతారు.

ముందు లెక్క చూసుకోవాలి, పొరపాటు అక్కడే మొదలవుతుంది. పాత లూథరన్ ఆరాధన పుస్తకాలు ‘ఈస్టర్ తర్వాత రెండో ఆదివారం’ అనేవి. ఏ ఆదివారం ఏ పాఠాలు చదవాలో చెప్పే ఇప్పటి మూడేళ్ల పట్టిక ఈస్టర్ దినాన్నే మొదటిదిగా లెక్కవేసి, అదే రోజును ‘ఈస్టర్ కాలపు మూడో ఆదివారం’ అంటుంది. పేరొక పుస్తకంలో, పాఠాలొక పుస్తకంలో చూసుకుంటే ఒక వారం తేడా వచ్చేస్తుంది. పైగా ఏటా అవే పాఠాలు వచ్చే పాత ఏడాది పట్టికలో ఆ ఆదివారం యేసు మంచి కాపరి అన్న పాఠానిది. ఎమ్మాయు పాఠం ఈస్టర్ మర్నాడు సోమవారం చదివేవారు. 16వ శతాబ్దపు జర్మనీ సంస్కర్త లూథర్ ఎమ్మాయు ప్రసంగాలు ఈస్టర్ సోమవారం కింద కనిపించేది అందుకే. మూడేళ్ల పట్టికలో ఏ ఏడాది నడుస్తోందో తెలియాలంటే సంవత్సరాన్ని మూడుతో భాగిస్తే చాలు. శేషం 1 వస్తే ఎ, 2 వస్తే బి, ఏమీ మిగలకపోతే సి. 2026 ఎ సంవత్సరం. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలైన రోజు నుంచి మాత్రం వచ్చే ఏడాది అంకెతో లెక్క వేయాలి.

1992లో వెలువడిన ఆ మూడేళ్ల పట్టిక, రివైజ్డ్ కామన్ లెక్షనరీ ప్రకారం ఆ రోజు పాఠాలు ఇవి: అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం 14వ వచనం మొదటి భాగం, ఆపైన 36 నుంచి 41 వరకు, 116వ కీర్తన 1 నుంచి 4, 12 నుంచి 19, మొదటి పేతురు 1వ అధ్యాయం 17 నుంచి 23, లూకా 24వ అధ్యాయం 13 నుంచి 35. అంతా కలిపి 48 వచనాలు, ఒక అర వచనం. తొందర లేకుండా చదివినా పది నిమిషాలు పట్టదు. ఈ పది నిమిషాలు మిగుల్చుకోవాలని లూకా ఒక్కటే చదివి, అందులోంచి ‘మాతోకూడ ఉండుము’ అన్న ఒక్క మాట పట్టుకుంటే ప్రసంగం ఎటు పోతుందో అందరం విన్నదే. ఆ ఇద్దరూ యేసును ఇంటికి పిలిచారు, మీరూ పిలవండి, మీ ఇల్లు ఆశీర్వదించబడుతుంది అని ముగుస్తుంది. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ క్రీస్తు చేసిన పని పక్కకు తప్పుకుని, శిష్యుల మర్యాద ముందుకొస్తుంది.

మొదటి పాఠంతో మొదలుపెడదాం. పెంతెకొస్తు ఇంకా రాకుండానే పెంతెకొస్తు నాటి ప్రసంగం చదవడమేమిటని విశ్వాసులు అడుగుతారు. ఈస్టర్ కాలంలో పాత నిబంధనకు బదులు అపొస్తలుల కార్యములు చదివే అలవాటు 4వ శతాబ్దపు బోధకుడు క్రిసోస్తోము నాటికే ఉంది. పునరుత్థానాన్ని చూసినవారు ఏం ప్రకటించారో వినిపించడం దాని ఉద్దేశం. చదివేవారు పాఠానికి ముందు ఒక్క వాక్యం చెబితే చాలు: ఇది యెరూషలేములో, పెంతెకొస్తు దినాన, పదకొండుమందితో లేచి నిలబడి పేతురు చెప్పిన మాట. ఆ వాక్యం లేకపోతే 14 నుంచి 36కు దూకిన పాఠం ఎవరికీ అర్థం కాదు. బైబిలు తెరిచి చూసుకుంటున్నవారు 15వ వచనం దగ్గరే ఆగిపోతారు. వేదిక ఎక్కకముందే రెండుచోట్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి.

‘మీరు సిలువవేసిన యీ యేసునే’ అన్న మాట దగ్గర ఎంతో జాగ్రత్త కావాలి. పేతురు యూదుడు. విన్నవారు యూదులు. ఆ రోజు బాప్తిస్మం పొందిన ఇంచుమించు మూడు వేలమందీ వారిలోనివారే. ఈ మాటను తరువాతి క్రైస్తవులు యూదుల మీదికి విసిరారు. 1543లో లూథర్ యూదుల మీద రాసిన రాతలు మన సంప్రదాయానికి మాయని మచ్చ. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో వాటిని బహిరంగంగా తోసిపుచ్చింది. ప్రసంగ పీఠం మీద ఆ మాట గురి మన గుండెకే పెట్టుకోవాలి. ధర్మశాస్త్రం, అంటే మన పాపాన్ని మనకు చూపించే దేవుని ఆజ్ఞ, చేసే పని అదే. విన్నవారు ‘హృదయములో నొచ్చుకొని’ ‘మేమేమి చేతుము’ అని అడిగారు. ఇక్కడ చదివేవారు ఒక్క క్షణం ఆగాలి. జవాబుగా పేతురు వారి మీద కొత్త బరువేమీ పెట్టలేదు. మారుమనస్సు, బాప్తిస్మం, పాపక్షమాపణ, పరిశుద్ధాత్మ వరం అన్నాడు. ఆ వెంటనే ‘ఈ వాగ్దానము మీకును మీ పిల్లలకును’ అన్నాడు. చంటిబిడ్డల బాప్తిస్మం గురించి మన ఊళ్లలో పక్క సంఘాలవారు అడిగినప్పుడు లూథరన్లు ఈ వచనం దగ్గరకే వస్తారు. వాదం మొత్తం ఈ ఒక్క వచనంతో తేలిపోతుందని అనను. అయితే వాగ్దానం ముందు వస్తుందని, మన జవాబు దాని వెనక నడుస్తుందని ఇక్కడ స్పష్టంగా ఉంది. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం తొమ్మిదో వ్యాసం చెప్పేదీ ఈ దారిలోనే.

116వ కీర్తనను పాటగానో, వచనం మార్చి వచనం సంఘంతో కలిసో చదవాలి. దీన్ని పాఠంలా ఒకరే చదివేస్తే సంఘం నోరు మెదపడానికి వీలుండదు. పస్కా పండుగలో యూదులు పాడే హల్లేలు కీర్తనలు 113 నుంచి 118, అందులో ఇదొకటి. ‘రక్షణపాత్రను చేత పుచ్చుకొని’ అన్న మాట ప్రభువు బల్ల దగ్గర వినిపించడానికే పుట్టినట్టు ఉంటుంది. 15వ వచనం మీ పత్రిక పాఠకులకు పరిచయమే, సంస్మరణ ప్రకటనల్లో తరచూ అచ్చవుతుంది: ‘యెహోవా భక్తుల మరణము ఆయన దృష్టికి విలువ గలది.’ మరణం మంచిదని దీని అర్థం కాదు. తనవారి ప్రాణం పోవడాన్ని దేవుడు చౌకగా తీసుకోడని. ఈ కీర్తన పాడినవాడు మరణబంధాల నుంచి విడిపించబడినవాడు. ఈస్టర్ కాలంలో ఇది చదవడానికి కారణం అదే.

మూడో పాఠాన్ని చాలామంది ఉపదేశులు వదిలేస్తారు, లూథరన్లకు అది మరీ నష్టం. 1522లో కొత్త నిబంధనకు రాసిన ముందుమాటలో లూథర్ యోహాను సువార్తను, రోమా పత్రికను, మొదటి పేతురును అన్నిటికంటే ముఖ్యమైన పుస్తకాల వరసలో పెట్టాడు. ‘వెండి బంగారములవంటి క్షయవస్తువులచేత’ కాదు, క్రీస్తు అమూల్య రక్తంచేత విమోచింపబడ్డారని ఇక్కడ చదివినప్పుడు నిర్ధారణ తరగతికి వెళ్లిన ప్రతివారికీ లూథర్ రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం చిన్న కాటికిజంలో విశ్వాస ప్రమాణం రెండో భాగం వివరణ గుర్తుకు రావాలి. లూథర్ ఆ వాక్యం ఇక్కడి నుంచే తీసుకున్నాడు. ఆ చిన్న కాటికిజం 1746లోనే జర్మనీలోని హాలేలో మిషనరీ బెంజమిన్ షుల్జ్ చేతి మీదుగా తెలుగులో అచ్చయింది. అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరుకు వచ్చిన 1842కు అది దాదాపు వందేళ్ల ముందు సంగతి. ఇదే పాఠంలో ‘పితృపారంపర్యమైన’ వ్యర్థప్రవర్తన అన్న మాట ఉంది. ఇరుగుపొరుగు మతాలవారిని కించపరచడానికి దీన్ని వాడటం తప్పు. పేతురు సంఘంలో ఉన్నవారితో, వారు విడిచివచ్చిన బతుకు గురించి మాట్లాడుతున్నాడు.

ఇక ఎమ్మాయు. అరవై స్తాదియల దూరం, అంటే దాదాపు 11 కిలోమీటర్లు. ఆ ఊరు ఎక్కడన్న దాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. క్లెయొపా వెంట ఉన్నది ఎవరో లూకా చెప్పలేదు. ఈ రెంటి మీదా ప్రసంగం కట్టనక్కర్లేదు. కట్టవలసింది ‘మేము నిరీక్షించి యుంటిమి’ అన్న మాట మీద. సిలువ తమ ఆశను చంపేసిందని వారు అనుకున్నారు. దారిలో కలిసినవాడు ఆ సిలువనే చూపించి ‘శ్రమపడి తన మహిమలో ప్రవేశించుట అగత్యము కాదా’ అన్నాడు. 1518 ఏప్రిల్‌లో, ఈస్టర్ గడిచిన కొన్ని వారాలకే, హైడెల్‌బర్గ్‌లో లూథర్ వాదించిన సిలువ వేదాంతం సారం ఇదే: దేవుడు మహిమలో కంటే ముందు శ్రమలో, సిలువలో తనను కనబరుస్తాడు. నమ్మితే అప్పు తీరుతుంది, వీసా వస్తుంది అని మైకుల్లో హామీ ఇచ్చే బోధలకు మన ప్రాంతంలో ఎంత గిరాకీ ఉందో చెప్పనక్కర్లేదు. ఎమ్మాయు దారిలో నడిచే మనిషి చేతిలో అలాంటి హామీ ఏదీ లేదు, తెరిచిన లేఖనం ఉంది.

ఆ ఇద్దరి కన్నులు మూయబడ్డాయి, తరువాత తెరవబడ్డాయి. వారంతట వారు తెరవలేదు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, గుండె మండింది ఎప్పుడన్నది. ఆయనను గుర్తుపట్టాక మండిందని చాలామంది పొరపాటుగా చెబుతారు. ఆయన ‘లేఖనములను మనకు బోధపరచుచున్నప్పుడు’ అని వారే అన్నారు. అప్పటికి ఆయన ఎవరో వారికి తెలియదు. స్పీకరు శబ్దం పెంచితే, పాట పదిసార్లు తిప్పి పాడితే పుట్టే ఆవేశాన్ని ఈ మంటతో కలపకూడదు. వెలుపలి వాక్యం, అంటే చెవికి వినిపించే దేవుని మాట, లేకుండా దేవుడు ఆత్మను ఇవ్వడని 1537 నాటి ష్మాల్కాల్డ్ వ్యాసాలనే విశ్వాస ప్రకటనలో లూథర్ అంత గట్టిగా రాసింది ఈ గందరగోళం గురించే.

రొట్టె విరవడం ప్రభురాత్రి భోజన సంస్కారమేనా? ఇక్కడ లూథరన్ బోధకులు ఆచితూచి మాట్లాడాలి. గిన్నె ప్రస్తావన లేదు, ‘ఇది నా శరీరము’ వంటి స్థాపన వాక్యాలు లేవు. 16వ శతాబ్దంలో ఈ వచనాన్ని చూపించే విశ్వాసులకు రొట్టె ఒక్కటి ఇస్తే చాలని రోమన్ కాథలిక్ పక్షం వాదించింది. ఆగ్స్‌బర్గ్ ప్రమాణ సమర్థన గ్రంథం 22వ వ్యాసంలో లూథర్ సహచరుడు మెలాంక్‌థన్ దానికి బదులిచ్చాడు: ఇది సంస్కారమే అనుకున్నా, గిన్నె ఆపవచ్చని దీని నుంచి తేలదు. అలాగని సంబంధమే లేదనలేం. రొట్టె పట్టుకోవడం, స్తుతించడం, విరవడం, ఇవ్వడం అన్న వరస అయిదు వేలమందికి పెట్టినప్పుడూ ఉంది, కడరా భోజనంలోనూ ఉంది. ముందు వాక్యం, వెనక బల్ల అన్న మన ఆరాధన క్రమం ఈ కథ నడకే. నెలకొకసారి సంస్కారం ఇచ్చే సంఘాలు ఆ నెల దాన్ని ఈ ఆదివారానికి పెట్టుకుంటే పాఠం కళ్లెదుట జరుగుతుంది.

సమయం చాలదని 27వ వచనం దగ్గర ఆపేసేవారున్నారు, 28 నుంచి మొదలుపెట్టేవారున్నారు. మొదటివారికి బల్ల పోతుంది, రెండోవారికి వాక్యం పోతుంది. తగ్గించాలంటే ప్రకటనలు తగ్గించండి. ప్రసంగం ఇరవై నిమిషాలనుకుంటే నొచ్చుకున్న హృదయాలకు, చచ్చిపోయిన ఆశకు ఐదు, దారికీ బల్లకూ కనీసం పది ఇవ్వాలి. మిగిలిన సమయం ఒకరినొకరు ప్రేమించమన్న పేతురు మాటకు. ఆ 22వ వచనాన్ని 23తో కలిపే చెప్పాలి. జీవముగల దేవుని వాక్యం వల్ల మళ్లీ పుట్టినవారితో పేతురు ఆ మాట అంటున్నాడు. 23 వదిలేస్తే అది వట్టి ఆజ్ఞ అయి, ఇంతసేపు విన్న సువార్తను మింగేస్తుంది.

సంపాదకులకు మా మనవి ఒక్కటే. మే 24 వరకు ప్రతి శనివారం మర్నాటి పాఠాల అధ్యాయాలు, వచనాలు రెండు వరసల్లో అచ్చువేయండి. ఇంటిల్లిపాదీ రాత్రి చదువుకుని వస్తారు. ఏప్రిల్ 26న మంచి కాపరి ఆదివారం: అపొస్తలుల కార్యములు 2లో 42 నుంచి 47, 23వ కీర్తన, మొదటి పేతురు 2లో 19 నుంచి 25, యోహాను 10లో 1 నుంచి 10. అందులో పేతురు పాఠాన్ని పట్టిక 19 దగ్గర మొదలుపెట్టి, ‘పనివారలారా’ అని పిలిచే 18వ వచనాన్ని వదిలేసింది. అది దాసులతో చెప్పిన మాట. ఆ సంగతి దాచి ఓర్చుకోమని మాత్రం చదివితే, కూలి ఎగ్గొట్టే యజమాని ముందు నోరెత్తవద్దని చెప్పినట్టు వినేవారికి తోస్తుంది. ఉపదేశులు 18 కూడా చదివి, ఎవరితో అన్నాడో, అన్యాయంగా శ్రమపడిన క్రీస్తు వారి పక్కన ఎందుకు నిలబడ్డాడో ఆ తరువాతి వచనాల నుంచే చూపించాలి.

ఇట్లు,
లూథరన్ సంఘ పాఠకులు,
గుంటూరు