చివరి వరుసలో కూర్చున్న పెద్దాయనకు

హనుమకొండ నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణంలో మా నాటకం రిహార్సల్ చూసిన పెద్దాయనా, నమస్కారం. పేరు అడిగేలోపే వెళ్లిపోయారు. ఇది మీ కంట పడుతుందన్న ఆశతో రాస్తున్నాను.

నేను నటులకు వాచికం, అంటే సంభాషణ పలికే తీరు, నేర్పుతాను. హైదరాబాద్‌లో రంగస్థల కళలు చదివినప్పుడు పొట్ట నుంచి ఊపిరి తీయడం, దవడ బిగువు వదిలించడం, ఒత్తులు స్పష్టంగా పలకడం నేర్చుకున్నాను. వరంగల్ వచ్చాక అవే నేర్పుతున్నాను. మీరు పట్టుకున్నది వేరు. "అమ్మా, రాజు వచ్చాడో రాలేదో ఇక్కడికి తెలియడం లేదు" అన్నారు. తెలుగు వాక్యంలో క్రియ చాలావరకు చివరే వస్తుంది. జరిగిందా లేదా, చేసింది ఎవరు, అన్నీ అక్కడే తేలతాయి. నటుడి ఊపిరి సరిగ్గా అక్కడికే అయిపోతుంది. గొంతు పెంచితే ఇంకా ముందే అయిపోతుంది. వాక్యం మధ్యలో పొదుపు చేసి చివరి రెండక్షరాలకు మిగల్చాలి. ఆ రాత్రి మీరు కదలకుండా కూర్చుని, వినబడని ప్రతి క్రియకూ చెయ్యెత్తారు. (మా కథానాయకుడికి కోపం వచ్చింది, అది వేరే సంగతి.)

ధ్వన్యనుకరణకు (మిమిక్రీకి) పద్మశ్రీ అందుకున్న వేణుమాధవ్ గారి ఊళ్లో వినేవారి చెవి ఇంత పదునుగా ఉండటం వింతేమీ కాదు.

ఇప్పుడు ప్రతి తరగతిలోనూ ఒకరిని వెనక్కి పంపి చెయ్యెత్తమంటున్నాను. నాటకం మళ్లీ వేస్తున్నాం. మీకు ముందు వరుసలో కుర్చీ ఉంచుతాం, మీరు మాత్రం వెనకే కూర్చుంటారని తెలుసు.